"స్టేటెడ్ దట్", "ఫౌండ్ దట్" తర్వాత వాజ్ రాయాలా, ఈజ్ రాయాలా?

నాగావళి

అందరికీ నమస్కారం. నేను ఒక ఇంజనీరింగ్ విభాగంలో పని చేస్తున్నాను. మా పరిధిలో ఒక కల్వర్టు కుంగితే విచారణ జరిగింది. నివేదిక ఇంగ్లీషులో పంపాలి. డ్రాఫ్టు నేనే రాశాను. పై అధికారులు ఇద్దరు చూశారు. మొదటి ఆయన "దట్" తర్వాత వచ్చిన ప్రతి క్రియనూ పాస్ట్ టెన్స్‌లోకి మార్చారు. రెండో ఆయన వాటిలో కొన్నింటిని మళ్లీ ప్రెజెంట్‌కి తెచ్చారు. కారణం ఇద్దరూ చెప్పలేదు. ఎవరి దిద్దుబాటు ఉంచాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

నా వాక్యాలు ఇవి:

"ద ఇంజనీర్ స్టేటెడ్ దట్ ద కల్వర్ట్ ఈజ్ ఇన్‌స్పెక్టెడ్ ఇన్ జూన్."

"ద కాంట్రాక్టర్ నోటెడ్ దట్ ద మెటీరియల్ వాజ్ ఆఫ్ గుడ్ క్వాలిటీ."

"ద కమిటీ ఫౌండ్ దట్ ద డ్రెయిన్ ఈజ్ బ్లాక్డ్."

"ద కమిటీ అబ్జర్వ్‌డ్ దట్ ద రూల్స్ రిక్వైర్ యాన్ ఇన్‌స్పెక్షన్ బిఫోర్ ద మాన్సూన్."

"ద కమిటీ రికమెండెడ్ దట్ ద పేమెంట్ వాజ్ స్టాప్డ్."

రిపోర్టింగ్ వెర్బ్ ("స్టేటెడ్", "ఫౌండ్" లాంటి, ఒకరి మాటను చెప్పే క్రియ) పాస్ట్‌లో ఉంటే లోపల అంతా పాస్ట్‌లోనే ఉండాలని స్కూల్లో చెప్పారు. అది నిజంగా అంత ఖచ్చితమైన రూలేనా?

ఇంగ్లీషు మాస్టారు (రిటైర్డ్)

అమ్మా, ఈ చిక్కు తెలుగువాళ్లకి ఎక్కువగా ఎందుకు వస్తుందో ముందు చెప్తాను. కారణం తెలిస్తే సగం తప్పులు వాటంతటవే పోతాయి.

తెలుగులో ఎదుటి మనిషి మాటను అన్నది అన్నట్టే ఉంచి చివర "అని" చేరుస్తాం. ఒకాయన "వస్తాను" అన్నాడు. పదేళ్ల తర్వాత ఆ సంగతి చెప్పినా "వస్తానని చెప్పాడు" అనే అంటాం. లోపలి క్రియ కదలదు. "నేను వస్తానని చెప్పాడు" అన్నా కూడా ఆ "నేను" ఎవరో సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది. ఇంగ్లీషు "దట్" అలా పని చేయదు. అక్కడ వాక్యం మొత్తం రాసేవాడి వైపు నుంచి నడుస్తుంది. అందుకే "ఐ" కాస్తా "హి" అవుతుంది, "విల్" కాస్తా "వుడ్" అవుతుంది, "టుమారో" కాస్తా "ద నెక్స్ట్ డే" అవుతుంది. "హి సెడ్ దట్ హి వుడ్ కమ్ ద నెక్స్ట్ డే." మనం "అని" అలవాటుతో "హి సెడ్ దట్ హి విల్ కమ్" అని రాసేస్తాం. మాట్లాడేటప్పుడు చెల్లుతుంది కానీ ఫైల్లో ఇబ్బంది పెడుతుంది.

కాబట్టి మీ మొదటి అధికారి పట్టుకున్నది మూల సూత్రమే. దీన్ని బ్యాక్‌షిఫ్ట్ అంటారు. చెప్పిన సమయం గతం కాబట్టి చెప్పిన విషయం కూడా ఒక మెట్టు వెనక్కి జరుగుతుంది. అయితే రెండో ఆయన చేసింది కూడా పూర్తిగా కొట్టేయాల్సింది కాదు. లోపలి విషయం మీరు నివేదిక రాసే నాటికి కూడా నిలిచి ఉంటే ప్రెజెంట్ ఉంచవచ్చు. మీ నాలుగో వాక్యంలో నిబంధన ఇప్పటికీ అమల్లోనే ఉంది కదా. అక్కడ "రూల్స్ రిక్వైర్" అనడమే నాకు నచ్చుతుంది. "రిక్వైర్డ్" అని రాస్తే వ్యాకరణం తప్పు కాదు కానీ, చదివేవాళ్లకి ఆ నిబంధన ఇప్పుడు ఉందా, రద్దయిందా అన్న అనుమానం వస్తుంది.

స్కూల్లో దీన్నే "సార్వత్రిక సత్యం అయితే టెన్స్ మారదు" అని సూర్యుడితో, భూమితో చెప్పి వదిలేస్తారు. పిల్లలు భూమి, సూర్యుడు ఉన్న వాక్యానికే ఆ మినహాయింపు అనుకుంటారు. నిజానికి అది చాలా విశాలమైనది. ఒక నిబంధన, ఒక ఊరి ఉనికి, ఒక మనిషి ఉద్యోగ హోదా, రాసే రోజుకి నిజమైన ఏదైనా దాని కిందికి వస్తుంది.

మొదటి వాక్యంలో "ఈజ్ ఇన్‌స్పెక్టెడ్" మాత్రం కుదరదు. జూన్ అయిపోయింది. "వాజ్ ఇన్‌స్పెక్టెడ్ ఇన్ జూన్" అన్నా, "హాడ్ బీన్ ఇన్‌స్పెక్టెడ్ ఇన్ జూన్" అన్నా చెల్లుతుంది, ఎందుకంటే నెల పేరే ముందువెనకలు చెప్పేస్తోంది. నెల లేకపోతే "హాడ్ బీన్" రాయండి. కుంగకముందు తనిఖీ జరిగిందా, తర్వాత జరిగిందా అన్నదే మీ విచారణకు ప్రాణం.

సబ్‌డెస్క్

మాస్టారూ, ఒక చిన్న అదనం. పత్రికల్లో "ద మినిస్టర్ సెడ్ ద బ్రిడ్జ్ విల్ ఓపెన్ నెక్స్ట్ మంత్" అని రోజూ కనిపిస్తుంది. పేపరు చదివే రోజుకి ఆ ప్రారంభం ఇంకా జరగలేదు కాబట్టి "విల్" నడుస్తుంది. నివేదికని ఎవరు ఎప్పుడు తెరుస్తారో తెలియదు. మూడేళ్ల తర్వాత ఆడిట్‌లో చదివితే ఆ "విల్" అర్థం లేనిదైపోతుంది. అక్కడ "వుడ్" రాసి తేదీ ఇవ్వడమే క్షేమం.

పత్రికలు "దట్" కూడా తరచుగా తీసేస్తాయి. అది ఎప్పుడు తీయకూడదో తెలుసుకోవాలి. ఈ వాక్యం చూడండి: "ద ఆఫీసర్ అనౌన్స్‌డ్ ఆన్ ఫ్రైడే ద ఆఫీస్ వుడ్ రీఓపెన్." శుక్రవారం ప్రకటించాడా? శుక్రవారం తెరుస్తారా? "అనౌన్స్‌డ్ ఆన్ ఫ్రైడే దట్" అంటే ఒక అర్థం, "అనౌన్స్‌డ్ దట్ ఆన్ ఫ్రైడే" అంటే మరో అర్థం. క్రియకీ క్లాజుకీ (లోపలి వాక్యానికీ) మధ్య కాలం చెప్పే మాట వస్తే "దట్" పెట్టమని అమెరికా వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ శైలి కూడా చెబుతుంది. "స్టేటెడ్", "కంటెండెడ్", "అసర్టెడ్" లాంటి బరువైన క్రియల తర్వాత అసలు తీయకపోవడమే మంచిది.

గడ్డిపూవు

ఇంత అవసరమా అండీ? మా ఆఫీసులో అందరం "హి సెడ్ హి ఈజ్ కమింగ్" అనే రాస్తాం, ఎవరూ ఏమీ అనరు.

ఇంగ్లీషు మాస్టారు (రిటైర్డ్)

ఈమెయిల్లో, ఫోన్లో ఏ ఇబ్బందీ లేదు తల్లీ. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లూ అలాగే మాట్లాడతారు. ఇక్కడ నాగావళి గారి నివేదిక ఆధారంగా ఒకరి జీతం ఆగవచ్చు, ఒకరి బిల్లు ఆగవచ్చు. అందుకే ఇంత జాగ్రత్త.

ఓరుగల్లు వకీలు

నాగావళి గారూ, నన్ను భయపెట్టింది మీ రెండో వాక్యం. అందులో టెన్స్ బాగానే ఉంది. "నోటెడ్" అనే క్రియ మాత్రం తీసేయండి.

"నోటెడ్ దట్" అన్నారంటే ఆ తర్వాత వచ్చేది నిజమేనని మీరు ఒప్పుకున్నట్టు. "పాయింటెడ్ అవుట్ దట్", "రివీల్డ్ దట్", "షోడ్ దట్" కూడా అంతే. కాంట్రాక్టర్ తన సామగ్రి మంచిదని "నోట్" చేశాడంటే మంచిదేనని కమిటీ కూడా అన్నట్టు అవుతుంది. రేపు అతని తరఫు లాయరు ఆ ఒక్క మాటే చదివి వినిపిస్తాడు. నేనైనా అదే చేస్తాను. "స్టేటెడ్ దట్" రాయండి. మాట అతనిది, బాధ్యత అతనిది.

మా వృత్తిలో ఈ క్రియలకు ఎవరి స్థానం వాళ్లకుంది. పిటిషనర్ "సబ్మిటెడ్ దట్" లేదా "కంటెండెడ్ దట్". సాక్షి "డిపోజ్డ్ దట్". ఆరోపణ అయితే "ఎలెజ్డ్ దట్". తనకు వ్యతిరేకంగా ఉన్న విషయాన్ని ఒప్పుకుంటే "అడ్మిటెడ్ దట్". కోర్టు వాస్తవాన్ని తేల్చితే "ఫౌండ్ దట్". చట్టం మీద తీర్పు చెబితే "హెల్డ్ దట్". తీర్పుకి అవసరం లేని మాట మధ్యలో అంటే "అబ్జర్వ్‌డ్ దట్". జూనియర్లు "అబ్జర్వ్‌డ్" అన్నచోట "హెల్డ్" రాస్తే నేను ఫైలు వెనక్కి పంపేస్తాను, ఎందుకంటే కింది కోర్టు కట్టుబడాల్సింది రెండోదానికే.

ఇక వాజా, ఈజా అన్న మీ అసలు ప్రశ్నకి సుప్రీంకోర్టు చరిత్రలోనే మంచి ఉదాహరణ ఉంది. 1962లో ఖరక్ సింగ్ కేసులో వ్యక్తిగత గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదని కోర్టు అంది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా ఆ మాటను తోసిపుచ్చి, గోప్యత ప్రాథమిక హక్కేనని చెప్పింది. ఇప్పుడు ఈ రెండింటినీ ఒకే పేరాలో రాయాలి. మొదటిదాన్ని "ఇన్ 1962 ద కోర్ట్ హెల్డ్ దట్ ప్రైవసీ వాజ్ నాట్ ఎ గ్యారంటీడ్ రైట్" అనే రాయాలి. అక్కడ "ఈజ్ నాట్" అంటే ఇప్పటి చట్టాన్ని తప్పుగా చెప్పినట్టే. రెండోదాన్ని "ఇన్ 2017 ద కోర్ట్ హెల్డ్ దట్ ప్రైవసీ ఈజ్ ఎ ఫండమెంటల్ రైట్" అని రాస్తాం. అది ఈరోజుకీ చట్టం. రెండు వాక్యాల్లోనూ "హెల్డ్" పాస్టే. లోపలి క్రియ చూసి ఏ తీర్పు బతికి ఉందో, ఏది పోయిందో చదివేవాడు గ్రహిస్తాడు.

కేశవానంద భారతి కేసు కూడా ఇంతే. 1973 ఏప్రిల్ 24న 13 మంది న్యాయమూర్తులు 7–6 మెజారిటీతో రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు మార్చలేదని తీర్పు ఇచ్చారు. "హెల్డ్ దట్ పార్లమెంట్ కెనాట్ ఆల్టర్ ద బేసిక్ స్ట్రక్చర్" అని "కెనాట్" ఉంచే రాస్తాను. "కుడ్ నాట్" అన్నవాళ్లతో గొడవ పెట్టుకోను గానీ, నడుస్తున్న చట్టాన్ని నడుస్తున్నట్టే చూపించడం నాకు ముఖ్యం.

సబ్‌డెస్క్

వకీలు గారూ, కాంట్రాక్టర్ మాటకి "క్లెయిమ్డ్" వాడితే ఎలా ఉంటుంది? నమ్మకం లేదని తెలుస్తుంది కదా.

ఓరుగల్లు వకీలు

అందుకే వద్దు. విచారణ చేసేవాళ్లు అతని మాట రాసే చోటనే తీర్పు చెప్పేయకూడదు. ఇంజనీరు "స్టేటెడ్", కాంట్రాక్టర్ "క్లెయిమ్డ్" అని రాస్తే కమిటీ ముందే ఒక పక్షం తీసుకుందని అప్పీలులో వాదించడానికి సందు దొరుకుతుంది. ఇద్దరికీ ఒకే క్రియ వాడండి. నమ్మారా, లేదా అన్నది "ద కమిటీ ఫౌండ్ దట్" దగ్గర, కారణాలతో చెప్పండి.

సబ్‌డెస్క్

ఒప్పుకుంటున్నాను. మా డెస్కులోనూ కొత్తవాళ్లకి ఇదే చెప్తాం. తెలుగు వార్తలో "అన్నారు" అంటే సరిపోయే చోట "వెల్లడించారు", "స్పష్టం చేశారు" అని రాసేస్తారు. నాయకుడు ఆరోపణ చేస్తే దాన్ని మనం "వెల్లడించారు" అనకూడదు. అప్పటిదాకా దాగి ఉన్న నిజం బయటపడినట్టు అయిపోతుంది.

సూక్ష్మదర్శిని

నేను బయాలజీలో పరిశోధన చేస్తున్నాను, ఇప్పుడు అమెరికాలో ఉన్నాను. థీసిస్‌ రాసేవాళ్లకి ఈ ప్రశ్న రోజూ ఎదురయ్యేదే. మన సికింద్రాబాద్‌తో ముడిపడిన ఒక సంగతితోనే చెప్తాను, ఎందుకంటే పాఠ్యపుస్తకాల్లో దీన్ని రాసే తీరు నన్ను చాలాకాలంగా బాధపెడుతోంది.

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో బ్రిటిష్ వైద్యుడు రొనాల్డ్ రాస్, మలేరియా రోగి రక్తం తాగిన దోమను కోసి చూస్తే దాని కడుపు గోడలో రంగు రేణువులున్న కణాలు కనిపించాయి. అదే ఏడాది డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆయన వ్యాసం వచ్చింది. అందులో చెప్పింది ఏమిటి? మలేరియా రక్తం తాగిన రెండు దోమల్లో అలాంటి కణాలు ఉన్నాయని. అంతవరకే. తర్వాతి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియా మీద పని చేసి, దోమ కాటుతో ఆ జబ్బు ఆరోగ్యంగా ఉన్న పక్షులకు సోకుతుందని చూపించారు. మనుషుల్లో అనాఫిలిస్ దోమే మలేరియాను వ్యాపింపజేస్తుందని 1898 చివర్లో ఇటలీలో శాస్త్రవేత్త గ్రాసీ, ఆయన సహచరులు చూపించారు. రాస్‌కి 1902లో నోబెల్ వచ్చింది. ఎవరి వాటా ఎంత అన్న తగవు ఆ తర్వాత చాలా ఏళ్లు నడిచింది.

ఇప్పుడు "ఇన్ 1897 రాస్ ప్రూవ్డ్ దట్ మస్కిటోస్ స్ప్రెడ్ హ్యూమన్ మలేరియా" అని ఒక్క వాక్యంలో రాసేస్తే ఏమవుతుంది? వ్యాకరణంలో తప్పేమీ లేదు. చరిత్ర మాత్రం తప్పు. కలకత్తా పోయింది, ఇటలీ పోయింది. తప్పంతా "ప్రూవ్డ్" అన్న ఒక్క క్రియలో ఉంది.

నేనైతే ఇలా రాస్తాను. "రాస్ రిపోర్టెడ్ దట్ టూ మస్కిటోస్ ఫెడ్ ఆన్ మలేరియల్ బ్లడ్ కంటెయిన్డ్ పిగ్మెంటెడ్ సెల్స్." ఇక్కడ "కంటెయిన్డ్" పాస్ట్, ఎందుకంటే ఇది ఆ రెండు దోమల సంగతి. వాటిని ఆ రోజు చూశారు, అయిపోయింది. తర్వాత, "ఇన్ 1898 రాస్ షోడ్ దట్ మస్కిటోస్ ట్రాన్స్‌మిట్ బర్డ్ మలేరియా." ఇక్కడ "ట్రాన్స్‌మిట్" ప్రెజెంట్. అది ఆయన చూసిన పక్షులకే పరిమితం కాకుండా ఇప్పటికీ నిలిచే సాధారణ సత్యం. ఒక ప్రయోగంలో కనిపించినదానికి పాస్ట్, దాని నుంచి తేలిన సాధారణ నిజానికి ప్రెజెంట్. సైన్సు రాతలో ఈ తేడాను గట్టిగా పాటిస్తే మీ థీసిస్‌ చదివే పరీక్షకుడికి ఎక్కడ డేటా అయిపోయిందో, ఎక్కడ మీ నిర్ధారణ మొదలైందో వెతుక్కోవాల్సిన పని ఉండదు.

మూడో రకం కూడా ఉంది. రాస్‌కి ముందు చాలామంది వైద్యులు చెడు గాలి వల్ల మలేరియా వస్తుందని నమ్మేవారు. "ఫిజీషియన్స్ బిలీవ్డ్ దట్ మలేరియా కేమ్ ఫ్రమ్ బ్యాడ్ ఎయిర్." ఇక్కడ "కమ్స్" అని ఎప్పుడూ రాయకూడదు. రాస్తే ఆ నమ్మకాన్ని మీరు కూడా పంచుకుంటున్నట్టు ధ్వనిస్తుంది. వకీలు గారు చెప్పిన 1962 తీర్పు లాంటిదే ఇది.

సైకాలజీ, విద్యాశాస్త్రం వాళ్లు ఎక్కువగా వాడే ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) శైలి పాత పరిశోధనలను చెప్పేటప్పుడు రిపోర్టింగ్ వెర్బ్‌ని పాస్ట్‌లో గానీ ప్రెజెంట్ పర్ఫెక్ట్‌లో గానీ పెట్టమంటుంది. సాహిత్యం వాళ్ల ఎంఎల్ఏ (మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్) శైలిలో ప్రెజెంట్ వాడతారు, "ఆర్గ్యూస్ దట్" అని. ఏ విభాగానికి రాస్తున్నారో అడిగి తెలుసుకోండి. ఒకే అధ్యాయంలో రెండూ కలిపేస్తే మాత్రం బాగుండదు.

భీమవరం బుల్లోడు

సూక్ష్మదర్శిని గారూ, మా ఊళ్లో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి మీద కాలేజీ మ్యాగజైన్‌కి ఇంగ్లీషులో వ్యాసం రాస్తున్నాను. "ఫిస్క్ అండ్ సుబ్బారావ్ రిపోర్టెడ్ ఇన్ 1927 దట్ మజిల్ కంటెయిన్స్ ఫాస్ఫోక్రియాటిన్" అని రాశాను. సరిపోతుందా?

సూక్ష్మదర్శిని

బాగుంది తమ్ముడూ. కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ ఇప్పటికీ ఉంది కాబట్టి "కంటెయిన్స్" సరైనదే. వాళ్లు పరీక్షించిన కండరాల నమూనాల గురించి, అందులో వచ్చిన కొలతల గురించి చెప్పే వాక్యాల్లో మాత్రం పాస్ట్‌కి వెళ్లు.

గడ్డిపూవు

మాస్టారూ, నాదో అనుమానం. "ఎందుకు ఆలస్యమైందని అడిగాడు" అన్నదాన్ని నేను "హి ఆస్క్డ్ దట్ వై ఇట్ వాజ్ డిలేడ్" అని రాస్తుంటాను. కరెక్టేనా?

ఇంగ్లీషు మాస్టారు (రిటైర్డ్)

మంచి ప్రశ్న అడిగావమ్మా. ఇది కూడా మన "అని" తెచ్చిపెట్టినదే. తెలుగులో ప్రశ్న తర్వాత కూడా "అని" వస్తుంది కాబట్టి ఇంగ్లీషులో "దట్" పెట్టాలనిపిస్తుంది. ప్రశ్న మాట ఉంటే "దట్" రాదు. "హి ఆస్క్డ్ వై ఇట్ వాజ్ డిలేడ్." అవునా, కాదా అనే ప్రశ్న అయితే "హి ఆస్క్డ్ వెదర్ ఇట్ హాడ్ బీన్ డిలేడ్." ఫార్మల్ రాతలో "ఇఫ్" కంటే "వెదర్" మేలు.

ఇదే దారిలో ఇంకొన్ని ఉన్నాయి. "టోల్డ్", "ఇన్‌ఫార్మ్‌డ్" వెనక ఎవరికి చెప్పారో ఉండాలి. "హి ఇన్‌ఫార్మ్‌డ్ దట్" అని ఆఫీసు ఉత్తరాల్లో ఎక్కడ చూసినా కనిపిస్తుంది. "ఇన్‌ఫార్మ్‌డ్ ద కమిటీ దట్" అనాలి. "సెడ్", "ఎక్స్‌ప్లెయిన్డ్", "సజెస్టెడ్" దీనికి తిరగబడి ఉంటాయి. "ఎక్స్‌ప్లెయిన్డ్ మి దట్" తప్పు, "ఎక్స్‌ప్లెయిన్డ్ టు మి దట్" ఒప్పు. "మెన్షన్డ్" పక్కన "అబౌట్" అక్కర్లేదు. "డిస్కస్డ్ దట్" అన్న వాడుక అసలు లేదు. చర్చలో ఒక మాట తేలితే "అగ్రీడ్ దట్" అనండి, తేలకపోతే ఏ విషయం చర్చించారో నామవాచకంతో చెప్పండి. ఇంకొకటి, "స్టేటెడ్ దట్," అని దట్ తర్వాత కామా పెట్టే అలవాటు మన ఆఫీసుల్లో పాతుకుపోయింది. అక్కడ కామాకి పని లేదు.

మినిట్స్ రాసే మనిషి

నేను ఒక కంపెనీలో బోర్డు మీటింగుల మినిట్స్ రాస్తాను. మాకు పాస్ట్ టెన్స్ దాదాపు ప్రాణం లాంటిది. "ద చైర్మన్ ఇన్‌ఫార్మ్‌డ్ ద బోర్డ్ దట్ ద లోన్ హాడ్ బీన్ శాంక్షన్డ్ అండ్ దట్ ద ఫస్ట్ ఇన్‌స్టాల్‌మెంట్ వుడ్ బి రిలీజ్డ్ బై 30 జూన్." మీటింగు రోజుకి మంజూరు అయిపోయింది కాబట్టి "హాడ్ బీన్". విడుదల ఇంకా ముందుంది కాబట్టి "వుడ్ బి". "నెక్స్ట్ మంత్" అని రాయకుండా తేదీ వేస్తాం. మినిట్స్ ఖరారయ్యేది తర్వాతి మీటింగులో. అప్పటికి "నెక్స్ట్ మంత్" అన్న మాట ఏ నెలను చెబుతుందో ఎవరికీ తెలియదు.

ఆ వాక్యంలో రెండో "దట్" చూశారా? దాన్ని తీసేస్తే, విడుదల సంగతి చైర్మన్ చెప్పారా, మినిట్స్ రాసిన నేనే చేర్చానా అన్నది తేలదు. ఒకరు చెప్పిన రెండు మూడు విషయాలు వరుసగా వస్తే ప్రతి దాని ముందూ "దట్" పెట్టండి. చదవడానికి కొంచెం బరువుగా ఉన్నా ఫర్వాలేదు.

నాగావళి

అందరికీ ధన్యవాదాలు. చివరి వాక్యం గురించి ఎవరూ చెప్పలేదు. "రికమెండెడ్ దట్ ద పేమెంట్ వాజ్ స్టాప్డ్" అన్నదాన్ని మొదటి అధికారి అలాగే ఉంచారు. రెండో ఆయన "ఈజ్ స్టాప్డ్" అన్నారు.

ఇంగ్లీషు మాస్టారు (రిటైర్డ్)

ఇక్కడ ఇద్దరి దిద్దుబాటూ పనికిరాదమ్మా. ఇది వేరే రకం క్రియ. "రికమెండెడ్", "డిమాండెడ్", "రిక్వెస్టెడ్", "ఆర్డర్డ్", "డైరెక్టెడ్", "రిజాల్వ్‌డ్", ఇవి జరిగిందేమిటో చెప్పవు, జరగాల్సిందేమిటో చెబుతాయి. వీటి వెనక వచ్చే "దట్" క్లాజులో క్రియ మూల రూపంలో ఉంటుంది. "ద కమిటీ రికమెండెడ్ దట్ ద పేమెంట్ బి స్టాప్డ్." బ్రిటిష్ పద్ధతిలో "షుడ్ బి స్టాప్డ్" అన్నా సరే. మన ప్రభుత్వ ఫైళ్లలో రెండూ చూశాను.

"వాజ్ స్టాప్డ్" అంటే చెల్లింపు అప్పటికే ఆగిపోయిందన్న అర్థం తొంగిచూస్తుంది. "ఇన్‌సిస్టెడ్" దగ్గర ఈ తేడా ఇంకా స్పష్టం. "ద వాచ్‌మన్ ఇన్‌సిస్టెడ్ దట్ ద ఇంజనీర్ వాజ్ ప్రెజెంట్" అంటే ఇంజనీరు ఆ రోజు అక్కడే ఉన్నాడని వాచ్‌మన్ గట్టిగా చెప్పాడు. "ఇన్‌సిస్టెడ్ దట్ ద ఇంజనీర్ బి ప్రెజెంట్" అంటే ఇంజనీరు వచ్చి తీరాలని పట్టుబట్టాడు. ఒకటి సాక్ష్యం, ఒకటి కోరిక. "సజెస్టెడ్" కూడా ఇలాగే రెండు వైపులా వెళ్తుంది. ఆధారాలు ఏదైనా సూచిస్తే మామూలు టెన్స్, మనుషులు సలహా ఇస్తే మూల రూపం.

మూడో వాక్యం కూడా చూడండి. తనిఖీ చేసిన రోజు డ్రెయిన్ పూడుకుపోయి ఉంది. ఇప్పుడు ఎలా ఉంది?

నాగావళి

పోయిన వారమే పూడిక తీశారు మాస్టారూ.

ఇంగ్లీషు మాస్టారు (రిటైర్డ్)

అయితే "వాజ్ బ్లాక్డ్" అనే ఉండాలి. "ఈజ్" అని పంపితే, ఎవరైనా వెళ్లి చూసిన రోజున మీ నివేదికే అబద్ధమైపోతుంది. చూసిన తేదీ కూడా వేయండి.

నాగావళి

తిరగరాశాను. ఒకసారి చూడండి.

"ద ఇంజనీర్ స్టేటెడ్ దట్ ద కల్వర్ట్ హాడ్ బీన్ ఇన్‌స్పెక్టెడ్ ఇన్ జూన్. ద కాంట్రాక్టర్ స్టేటెడ్ దట్ ద మెటీరియల్ వాజ్ ఆఫ్ గుడ్ క్వాలిటీ. ద కమిటీ అబ్జర్వ్‌డ్ దట్ ద రూల్స్ రిక్వైర్ యాన్ ఇన్‌స్పెక్షన్ బిఫోర్ ద మాన్సూన్. ద కమిటీ ఫౌండ్ దట్ ఆన్ ద డేట్ ఆఫ్ ఇట్స్ విజిట్ ద డ్రెయిన్ వాజ్ బ్లాక్డ్ అండ్ నో రికార్డ్ ఆఫ్ ద జూన్ ఇన్‌స్పెక్షన్ వాజ్ అవైలబుల్. ఇట్ వాజ్ లెర్న్ట్ దట్ హెవీ లారీస్ హాడ్ బీన్ యూజింగ్ ద రోడ్ అట్ నైట్. ద కమిటీ రికమెండెడ్ దట్ ద పేమెంట్ బి స్టాప్డ్."

మినిట్స్ రాసే మనిషి

"అండ్" తర్వాత "దట్" పెట్టండి మేడం. "అండ్ దట్ నో రికార్డ్". రికార్డు లేదన్నది కూడా కమిటీ తేల్చిన విషయమే అని స్పష్టంగా ఉండాలి. ఆ రోజు మాత్రమే దొరకలేదన్న అర్థం కూడా రాదు.

ఓరుగల్లు వకీలు

"ఇట్ వాజ్ లెర్న్ట్ దట్" తీసేయాలి. ఎవరి దగ్గర తెలిసింది? పోలీసు కాగితాల్లో, పత్రికల్లో ఈ మాట మనవాళ్లు తెగ వాడతారు. వ్యాకరణం సరిగానే ఉంటుంది, చెప్పిన మనిషి మాయమైపోతాడు. కల్వర్టు కుంగడానికి లారీలే కారణమని రేపు ఎవరైనా వాదిస్తే ఈ వాక్యానికి దిక్కు ఉండదు. చెప్పినవాళ్లు వాంగ్మూలం ఇచ్చారా?

నాగావళి

ఇచ్చారు సార్. పక్కనే ఉన్న ఇద్దరు రైతులు సంతకాలు కూడా పెట్టారు.

ఓరుగల్లు వకీలు

ఇంకేం. "టూ రెసిడెంట్స్ స్టేటెడ్ దట్ హెవీ లారీస్ హాడ్ బీన్ యూజింగ్ ద రోడ్ అట్ నైట్" అని రాసి, వాంగ్మూలాలు ఏ అనుబంధంలో ఉన్నాయో పక్కనే చూపండి. లారీలు తిరిగాయని కమిటీ కూడా నమ్మితే దానికి వేరే వాక్యం, "ద కమిటీ ఫౌండ్ దట్" తో, కారణంతో సహా రాయండి. నమ్మడానికి చాలినంత ఆధారం లేకపోతే రైతుల వాక్యం దగ్గరే ఆపేయండి.

నాగావళి

ప్రస్తుతానికి రైతుల వాక్యం దగ్గరే ఆపుతున్నాను. వాంగ్మూలాలు అనుబంధం 3లో ఉన్నాయి, ఆ మాట చేర్చాను. రెండో "దట్" కూడా పెట్టాను. రేపు ఉదయం ఇద్దరు అధికారులకీ ఒకే కాపీ, ఏ మార్పు ఎందుకు చేశానో పక్కన రాసి ఇస్తాను.